శోభకృత్ నాటి రైతు

దేవేంద్ర నగర్‌లో పొద్దు వాలుతోంది. పండ్రీ బట్టల బజారు వైపు నుంచి ఆటోల రొద గేటు దాకా వినిపిస్తోంది. మావయ్య వరండాలో చాప పరిచి, దాని మీద దుప్పటి వేసి కాగితాలు సర్దుతున్నాడు. ఎగిరిపోతాయని ఫ్యాను వెయ్యనివ్వడు. ఎనభై దాటిన మనిషి. రాయ్‌పూర్ వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఒక్కో కాగితం తీసి వెలుతురుకి పట్టి చూస్తాడు, మళ్ళీ దాని చోట దాన్ని పెడతాడు.

"ఇది మా నాన్న సర్వీసు కాయితం. బెంగాల్ నాగపూర్ రైల్వే ముద్ర సూడు. ఇది భాగాల కాయితం నకలు, మా అమ్మ పెట్లో ఉండేది. ఇది పట్టా."

లోపల్నుంచి మనవరాలు హిందీలో ఆటపట్టిస్తోంది: "దాదాజీ, మిసల్ మిలా క్యా?"

మిసల్ దొరికిందా అని. మిసల్ అంటే ఇక్కడి పాత బందోబస్తు దస్త్రం. సెంట్రల్ ప్రావిన్సెస్ రోజుల్లో ఊరూరా తిరిగి ఏ భూమి ఎవరిది, వాళ్ళు ఏ కులం వాళ్ళు అని రాసుకున్న లెక్క. ఛత్తీస్‌గఢ్‌లో కులధ్రువపత్రం కావాలంటే ముందు అదే అడుగుతారు. వెనకబడిన తరగతుల వాళ్ళయితే 1984 డిసెంబర్ 26కి ముందు నుంచీ కుటుంబం ఇక్కడే ఉందని చూపించాలి. రైలు పని మీద వచ్చిన తెలుగు కుటుంబాలకి ఇక్కడ సెంటు భూమి లేదు, కాబట్టి మిసల్ లేదు. బడి రిజిస్టరులో మావయ్య పేరు దొరికింది, మనవరాలి పని గట్టెక్కింది. కానీ ఆ వెతుకులాటలో ఆయన మనసులో పడ్డ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది: మనవాళ్ళలో 17వ శతాబ్దం నాటి మనిషి ఎవరైనా ఏ కాగితంలోనైనా దొరుకుతాడా? పక్కింటాయనది రతన్‌పూర్ వైపు పాత కుటుంబం. 1868లో బిలాస్‌పూర్ బందోబస్తు చేసిన చిషోమ్ దొర, రతన్‌పూర్ రాజు కల్యాణ్ సాయ్ కాలం నాటి జమాబందీ పుస్తకం చూసి తన రిపోర్టులో రాశాడని, శివనాథ్ నదికి అటు పద్దెనిమిది గఢ్‌లు, ఇటు పద్దెనిమిది గఢ్‌లు అన్న లెక్క అందులోదేనని ఆయన తరచూ చెబుతుంటాడు.

"ఈళ్ళకి రాజుల నాటి లెక్కుంది," అంటాడు మావయ్య పట్టా మడిచి సంచిలో పెడుతూ. "మనం మాత్రం ఆకాశంలోంచి ఊడిపడ్డామేటి? పద, ఎల్దాం."

రాత్రి రైలెక్కాం. మహాసముంద్ దాటగానే బోగీలో దీపాలు ఆర్పేశారు. మావయ్య నిద్రపోడు. ప్రతి స్టేషన్ దగ్గరా కిటికీ రేకు పైకెత్తి పేరు చదువుకుంటాడు. కాంటాబాంజీ, టిట్లాగఢ్, కేసింగా. ఈ లైను పూర్తయింది 1931లో. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908–09లోనే పట్టాలు పడ్డాయి. మిగతా దారి కొండల్లోంచి రాయ్‌పూర్ దాకా తొలిచారు, మధ్య పరగణాల సరుకు విశాఖ రేవుకి దిగాలని. రేవు 1933లో తెరిచారు. సరుకు ఇటు దిగింది, మనుషులు అటు ఎక్కారు. మావయ్య నాన్న కూడా అలా ఎక్కిన మనిషే. తెల్లారేసరికి రాయగడ కొండలు కనిపించాయి, కాసేపటికి పార్వతీపురం, ఆ వెనకే బొబ్బిలి. అక్కడ దిగాం.

మా ఊరి పేరు రాయను. ఇప్పుడు చెప్పబోయే చెరువు కింద భూమి మీద ఇంకా వ్యాజ్యం నడుస్తోంది.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో దస్తావేజు లేఖరి బల్ల దగ్గర నిలబడ్డాం. భాగాల కాగితం నకలు ఆయన చేతికిచ్చాడు మావయ్య. 1926 నాటిది. అన్నదమ్ములు ముగ్గురు వేరుపడ్డప్పుడు రాసుకున్న భాగపరిష్కార దస్తావేజు. లేఖరి కళ్ళద్దాలు పైకి నెట్టి, మనుషుల పేర్లు వదిలేసి, సరాసరి అడుగున ఉన్న చెక్కుబందీకి వెళ్ళాడు. తూర్పున ఫలానా వారి మెట్ట. దక్షిణాన గెడ్డ. పడమర చెరువు గట్టు. ఉత్తరాన బండి దారి. "ఈ మధ్యన గల గండిమడి అనబడు పల్లపు భూమి."

"ఇదండి మీకు గావాల్సింది," అన్నాడు వేలు దాని మీద ఉంచి. "మనుషుల పేర్లు తాతవే మనవడికీ, మనవడివే మునిమనవడికీ వస్తాయి. మూడు తరాలు ఎనక్కెళ్తే ఎవుడెవుడో తెలీదు. మడి పేరు మారదు."

ఆ మాట ఆ తర్వాత ప్రతి గదిలోనూ నిజమైంది.

ఇంగ్లండులో అయితే ఇది ఇలా ఉండదు. అక్కడ 17వ శతాబ్దపు చిన్న రైతు పోతే వీలునామా చర్చి కోర్టుకి వెళ్ళేది, దానితో పాటు ఇంట్లో ఉన్న సామాను జాబితా కూడా. ఎన్ని ఆవులు, ఎన్ని ఇత్తడి గిన్నెలు, గాదెలో ఎంత గోధుమ. 1662 నుంచి 1689 దాకా ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అంత పన్ను, ఇంటి యజమాని పేరు మీద. 1538 నుంచి చర్చిల్లో పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ చావులూ రాసి పెట్టారు. కూచుని ఓపిగ్గా తిరగేస్తే మనిషి దొరుకుతాడు.

మన రైతు వీలునామా ఎందుకు రాస్తాడు? మితాక్షర న్యాయంలో కొడుకు పుట్టుకతోనే పిత్రార్జిత భూమిలో భాగస్తుడు. విజ్ఞానేశ్వరుడి ఆ స్మృతి వ్యాఖ్యని 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు చేశాడంటే, ఇక్కడ ఆ న్యాయం ఎంత పాతుకుని ఉందో తెలుస్తుంది. తండ్రి పోతే ఉమ్మడి ఆస్తి ఉమ్మడిగానే నడిచిపోతుంది, కాగితం పుట్టాల్సిన పనే లేదు. పడనప్పుడే, పంచుకున్నప్పుడే కాగితం పుడుతుంది. కలిసిమెలిసి బతికిన తరాల గురించి దస్త్రం ఏమీ చెప్పదు. నాకు ఇది బాధగానే ఉంటుంది. ముగ్గురన్నదమ్ములు 1926లో విడిపోయారు గనకే గండిమడి హద్దులు మాకు తెలిశాయి.

తహసీల్దారు ఆఫీసులో వేరే లెక్క. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద జమీ గ్రామాలు సర్కారు చేతికి వచ్చాక 1950లలో తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ నకలు మా ముందు పెట్టారు. సర్వే నంబరు, విస్తీర్ణం, తడి, మెట్ట, పట్టాదారు. మావయ్య సంచిలోంచి ఆ పాత పట్టా తీశాడు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద జమీందారు రైతుకి పట్టా ఇవ్వాలి, రైతు దానికి ఒప్పుకుంటూ ముచ్చిలికా రాసివ్వాలి. ఆ పట్టానీ అడంగల్ నకలునీ పక్కపక్కన పెట్టి చూస్తే చెరువు గట్టుకి ఆనుకుని ఉన్న ఆ రెండెకరాల పైచిలుకు తుండు రెండింట్లోనూ కనిపిస్తోంది. అయితే కాస్త తేడా. పక్క మడులన్నిటికీ పూర్తి శిస్తు, దీనికి మాత్రం నామమాత్రం. పక్కన చిన్న అక్షరాల్లో ఇనాం, కట్టుబడి అని ఉంది. కట్టుబడి అంటే ఆ నామమాత్రపు శిస్తే.

మావయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇనామా? మనకా? బ్రామ్మలకీ గుళ్ళకీ గదేటి ఇస్తారు?"

గుమాస్తా నవ్వి, చెరువు పనికి కూడా ఇచ్చేవారని చెప్పాడు. వెళ్ళేముందు ఇంకో మాట అన్నాడు. 2020 డిసెంబర్‌లో మొదలైన రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి భూకమతాలకి కొత్త నంబర్లు వచ్చేశాయి. "పాతదానికీ కొత్తదానికీ లంకె చూపే పట్టిక ఒకటుంటుంది. దాని నకలు తీసి దాచుకోండి. అది పోతే ఈ తీగ తెగిపోతుంది." ఉత్తరాంధ్రలో భూమి వదిలి పొట్టకూటికి వెళ్ళిపోయిన ప్రతి కుటుంబానికీ ఈ మాట అందాలని నాకుంది.

విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. అంతకు ముందు బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో, 1950కి ముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, కాబట్టి మరీ పాతవాటి కోసం విశాఖకే వెళ్ళాలి. రికార్డు గదిలో కిటికీలు సగం మూసే ఉన్నాయి. ఎర్ర గుడ్డ మూటలు కప్పు దాకా. అటెండరు నిచ్చెనెక్కి, ఊపిరి బిగబట్టి ఓ మూట దించాడు. దుమ్ము లేచింది. విప్పితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ 1858లో మొదలై 1869 దాకా నడిచింది. మొదటి కమిషనర్ టేలర్. శిస్తు లేకుండానో, కొద్ది శిస్తుతోనో అనుభవిస్తున్న ప్రతి చెక్కకీ యజమానిని పిలిచి, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, నువ్వు అతనికి ఏమవుతావు, నీ వయసెంత అని అడిగి రాసుకున్నారు. సర్కారు లాభం కోసం చేసిన పనే అది. అయినా ఆ గళ్ళ వల్లే మామూలు కాపు ఒకడు తన ముత్తాత పేరు సర్కారు పుస్తకంలో చెప్పుకోగలిగాడు. 1802 శాశ్వత పైసలాకి ముందు నాటి ఇనాములు జమీందారు లెక్కలో కలపలేదు. అందుకే బొబ్బిలి ఎస్టేటు కట్టాల్సిన 90,000 రూపాయల పేష్కష్‌లో గండిమడి లేదు, కమిషన్ రిజిస్టరులో ఉంది.

అటెండరు తెరిచిన పేజీ కొసలు బొబ్బట్టు అంచుల్లా గోధుమరంగు తిరిగి ఉన్నాయి. పొడుగ్గా వాలిన ఇంగ్లీషు రాత. ఊరి పేరు. గట్టు పక్క పల్లం. ఇచ్చినవారు: పూర్వపు జమీందారులు. ఎందుకు: చెరువు గండి పూడ్చినందుకు. సన్నదు, అంటే ఇచ్చినట్టు రాసిన పత్రం: లేదు, బొబ్బిలి కోట పోయినప్పుడు కాలిపోయిందని ఇనాందారు చెబుతున్నాడు. ఇప్పటి అనుభవదారు: 1862లో యాభై ఏళ్ళ మనిషి. మొదటి ఇనాందారుకి మునిమనవడి కొడుకు.

మావయ్య ఆ యాభై అన్న అంకె మీద వేలు పెట్టబోయి, అటెండరు వారిస్తే గాల్లోనే ఆపాడు. "పేరు సూడు బాబూ. మా తాత పేరే."

సన్నదు కాలిపోయిందన్న మాట ఆ రోజుల్లో చాలామంది చెప్పి ఉంటారు. కానీ బొబ్బిలి వాళ్ళు చెబితే కొట్టిపారెయ్యలేం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు సేనలు కోటని నేలమట్టం చేశాయి. ఆ తర్వాత 1794 దాకా బొబ్బిలి సీమ బొబ్బిలి వాళ్ళ చేతుల్లో లేదు. దివాణం కవిలెలు ఉంటే ఆ మంటల్లోనే పోయాయి. కమిషన్ ఇలాంటి చోట పట్టుబట్టలేదు. యాభై ఏళ్ళుగా అనుభవంలో ఉందంటే చాలు, టైటిల్ డీడు ఇచ్చి, ఏటా కట్టాల్సిన చిన్న మొత్తం ఖాయం చేసేది. మా మనిషికీ అలాగే ఖాయం చేసింది.

కోటలో ఉన్నవి కాలిపోయాయి. ఊరి కరణం ఇంట్లో ఉన్నవి కాలలేదు.

ఊళ్ళో ఆ ఇల్లు ఇప్పటికీ కరణంగారి ఇల్లే. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాక చాలా ఇళ్ళలో దస్త్రాలు సర్కారుకి అప్పగించారు. కొన్ని చోట్ల అటకెక్కాయి, కొన్ని చోట్ల పొయ్యిలోకి వెళ్ళాయి. ఈ ఇంట్లో తాటాకుల కట్ట మాత్రం దేవుడి గూట్లో పసుపు గుడ్డలో ఉంది. కరణంగారి మనవడు స్నానం చేసి వచ్చి గానీ దాన్ని కిందకి దించలేదు. చదవడానికి పక్క ఊరి నుంచి రిటైరైన తెలుగు మాస్టారిని పిలిపించారు. గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్ళు ఈ చుట్టుపక్కల వేళ్ళ మీద లెక్క.

1810ల్లో మెకంజీ దొర మనుషులు ఊరూరా కరణాల దగ్గర ఇలాంటి కట్టలే విప్పించి కైఫియత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించుకున్నారు. ఆ పని మొదలుపెట్టిన కావలి బొర్రయ్య అప్పటికి లేడు. తమ్ముడు లక్ష్మయ్య ముందుండి నడిపించాడు. ఆ కట్టలు చాలావరకు ఇప్పుడు లేవు, కైఫియత్తులే మిగిలాయి.

మాస్టారు గడప దగ్గర వెలుతురులో కూచున్నారు. కట్టకి రెండు చెక్కలు, మధ్య తాడు. ఆకుల కొసలు అరిగి గుండ్రబడ్డాయి. గంటంతో గీసిన గీతల్లో మసి ఎప్పుడో రాలిపోయింది. అక్షరం ఉందని వేలికి తెలుస్తుంది గానీ కంటికి ఆనదు. మాస్టారు గిన్నెలో దీపం మసి, చుక్క నూనె కలిపి, వేలి చివర అద్ది ఆకు మీద నెమ్మదిగా పూశారు, గుడ్డతో తుడిచారు. గీతలు నల్లగా లేచాయి. ఎవరూ మాట్లాడలేదు. మావయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకి వంగి ఉన్నాడు.

"శోభకృత్ సంవత్సరం మార్గశిరం," మాస్టారు ఒక్కో ముక్కా విడదీసుకుంటూ చదువుతున్నారు. "చెరువు గండి... పూడ్పించినందుకు... ఫలానా కొడుకు ఫలానా కాపుకి... గట్టు దిగువ మడి. కట్టుబడి ఇన్ని మాడలు. ఇది కాక ధాన్యం."

పేరు చదివారు. తండ్రి పేరూ చదివారు. ఇక్కడ ఆ పేర్లు రాయను, వ్యాజ్యం సంగతి ముందే చెప్పాను. విన్నప్పుడు మావయ్య కళ్ళు మూసుకున్నాడు.

శక సంఖ్య లేదు. శోభకృత్ అంతే. అరవయ్యేళ్ళకోసారి తిరిగొచ్చే పేరు. మొన్న 2023లో వచ్చింది. కమిషన్‌కి ముందు పడ్డవి వెనక్కి లెక్కేస్తే 1843, 1783, 1723, 1663. వీటిలో ఏది?

మాస్టారూ నేనూ నేల మీద సుద్దతో వేసుకున్నాం. కట్టుబడి మాడల్లో ఉంది, రూపాయల్లో లేదు. మద్రాసు సర్కారు 1818లో రూపాయికి మారింది గనక 1843 కాదు. కమిషన్ ముందు నిలబడ్డ మనిషి 1812 ప్రాంతాల్లో పుట్టాడు. అతనికి నాలుగు తరాల పైన మొదటి ఇనాందారు. తరానికి ఇరవయ్యెనిమిదేళ్ళ చొప్పున వేసినా అతను 1700 దగ్గర పుట్టి ఉంటాడు. 1783 కుదరదు. ఇక 1723, 1663. మొదటిదైతే హైదరాబాదులో మొగలాయి సుబేదారు ముబారిజ్ ఖాన్. రెండోదైతే గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా, శ్రీకాకుళంలో ఆయన ఫౌజుదారు.

"1663," అన్నాడు మావయ్య వెంటనే.

నేను 1723 అన్నాను. 1663 కావాలంటే ప్రతి తరంలోనూ తండ్రికి నలభై దాటాక కొడుకు పుట్టాలి, లేదా రిజిస్టరులో ఒకటి రెండు తరాలు జారిపోవాలి. జారిపోవడం అసాధ్యమేం కాదు, నోటి మాట మీద రాసినదే కదా. అయినా మొగ్గు ఇటే.

మాస్టారు ఇద్దరి మాటా విని, ఆకు మళ్ళీ వెలుతురుకి తిప్పారు. "గొడవెందుకండి? ఆకులో ఇద్దరున్నారు. 1663 అయితే ఇనాం పుచ్చుకున్నవాడు మీ 17వ శతాబ్దం మనిషి. 1723 అయితే అతని తండ్రి. తండ్రి 1670 దగ్గర్లో పుట్టుంటాడు. ఎటు చూసినా ఆ నూరేళ్ళలో మీవాడొకడు ఈ ఊళ్ళో సేద్యం చేశాడు."

మావయ్య ఆకు మీదకి వంగి, ఆ తండ్రి పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. మాస్టారు గుడ్డ కొసతో చూపించారు. నాలుగే అక్షరాలు. తాడు చిల్లుకి పక్కనే ఉండడం వల్ల చివరిది కొంచెం చిరిగింది.

అతను బతికిన కాలం సులువైనది కాదు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్‌వోల్డ్, గోల్కొండ రాజ్యంలో సీమల వసూలు హక్కు ఏటా వేలంలో ఎక్కువ పాడినవాడికి దక్కేదని రాశాడు. ఏడాదికే పాడుకున్నవాడు ఆ ఏడాదిలోనే పిండుకోవాలి. ఆ పద్ధతి ఈ సీమ దాకా ఎంత గట్టిగా చేరిందో ఆకు చెప్పదు. చెరువు తెగితే ఊరికి తిండి లేకుండా పోతుందని మాత్రం చెబుతుంది. గండి పూడ్పించినవాడికి మడి రాసిచ్చారంటే, ఎద్దులూ మనుషులూ కూడగట్టగలిగినవాడై ఉండాలి. జమీందారు కాదు, కూలీ కాదు. నలుగురిని పిలిస్తే నలుగురూ వచ్చే రైతు. దస్త్రాల్లో ఇలాంటివాళ్ళ పేర్లు దాదాపు కనిపించవు. రాజులకి శాసనాలున్నాయి, గుళ్ళకి దానపత్రాలున్నాయి. నాకు ఈ ఆకు వాటన్నిటికంటే ఎక్కువ.

బయట వాకిట్లో జనం చేరుతున్నారు. తాటాకులు విప్పారని ఊళ్ళో తెలిసిపోయింది. ఒకామె చంకలో పిల్లాణ్ణి వేసుకుని లోపలికొచ్చి గోడవార నిలబడింది.

"ఏటి బావూ, మాది తుమ్మమడి. దాని సంగతేటైనా ఉందేటి అందులో?"

మాస్టారు కట్టలో తర్వాతి ఆకు తీసి, మసి గిన్నె దగ్గరికి జరుపుకున్నారు. కరణంగారి మనవడు ఫోను చార్జింగు నుంచి తీసుకొచ్చి ఒక్కో ఆకూ ఫొటో తియ్యడం మొదలుపెట్టాడు. మావయ్య పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చాడు.

"ముందు నీ మడి హద్దులు సెప్పమ్మా," అన్నాడు. "తూర్పునేటుంది?"